కిడ్నీలో అక్రమ కాపలా

ఒక పెద్ద అడవిలో అంతకంటే పెద్ద ఆరోగ్య శాఖ ఉండేది. దానికి అధిపతి ఏనుగుగారు. ఆయన ఒళ్లు చూసి రాసిన పుస్తకమే అక్కడ వైద్యశాస్త్రం.

ఒకరోజు శాఖ డాక్టరు నక్క, ముసలితనంతో చచ్చిపోయిన ఓ చిట్టెలుకను కోసి చూశాడు. కిడ్నీలో రక్తనాళాల పక్కన రక్షణ కణాలు గుంపుగా కూర్చుని ఉన్నాయి. పుస్తకమంతా తిరగేశాడు. అందులో వాటి ఊసే లేదు.

"అయ్యగారూ, ఇది ఆక్రమణండీ!" అని పరుగెత్తుకొచ్చాడు. "రక్షణ సిబ్బందికి ప్లీహంలో పోస్టులున్నాయి, లింఫు గ్రంథుల్లో ఉన్నాయి. కిడ్నీలో ఒక్కటీ మంజూరు కాలేదు."

ఏనుగుగారు వెంటనే సంతకం పెట్టేశారు. ఎలుకలన్నీ పదిహేను రోజుల్లో పసరు మందు తాగి ఆ కణాలను ఖాళీ చేయించాలి. తాగినట్టు సర్టిఫికెట్ లేకపోతే గింజల గుట్ట దగ్గరికి రానివ్వరు.

నూకాలు అనే ఎలుకకు ఇంకా కళ్లు తెరవని పిల్లలు నలుగురు. గింజలు లేకపోతే పాలు పడవు. పసరు తాగితే తన ప్రాణానికే ముప్పు. నేరుగా నక్క ఆఫీసుకు వెళ్లింది.

"డాక్టరు బాబూ, మేం తిరిగేదంతా మురికిలోనే. మూత్రం దారిన రోగం పైకెక్కితే అక్కడే పట్టుకునేవి అవేనండి. వాటిని తీసేస్తే మమ్మల్నెవరు కాస్తారు?"

"రోగం వచ్చాక అర్జీ పెట్టుకో. ప్లీహం నుంచి డిప్యుటేషన్ మీద పంపుతాం."

నూకాలుకు ఒళ్లు మండింది. పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని అవతలి పొదల్లోకి మకాం మార్చేసింది. గడ్డివేళ్లు నమిలి ఎలాగో పాలిచ్చింది. మిగతా ఎలుకలు బుద్ధిగా తాగి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాయి. అందరికీ ఆదర్శంగా ఉంటుందని నక్క కూడా సభలో ఓ దొప్పెడు తాగి చప్పట్లు కొట్టించుకున్నాడు.

వానలు పడ్డాయి. నీళ్లు చెడి, మూత్రం దారిన రోగమెక్కి అడవంతా జ్వరం పట్టుకుంది. సర్టిఫికెట్ ఉన్న ఎలుకలు వరసగా రాలిపోయాయి. నక్కకు మూత్రం బిగుసుకుపోయింది. మూలుగుతూ పొదల దాకా పాక్కుంటూ వచ్చాడు.

"నూకాలమ్మా, నీ కాపలావాళ్లలో నలుగురిని ఇవ్వు తల్లీ!"

"ఇచ్చేవైతే పసరు తాగి జ్వరంతో పోయిన మా చెల్లెలికి ఇచ్చుకునేదాన్ని కాదా బాబూ?" అని నూకాలు ఏడ్చింది. మర్నాటికి నక్క కూడా పోయాడు.

ఏనుగుగారు విచారణ జరిపించారు. నివేదిక వచ్చింది: 'పసరు తాగిన ఒక్కరి కిడ్నీలోనూ అక్రమ కణాలు లేవు. పథకం నూటికి నూరు శాతం విజయవంతం.'

ఆ సాయంత్రమే నూకాలుకు నోటీసు అందింది. ఇంకా ఎందుకు బతికి ఉందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

నీతి: ప్రాణం పోయినా ఫరవాలేదు, పుస్తకం ప్రకారం పోవాలి.