ఊరిని పరుగెత్తించిన అంకె

ఆ మంగళవారం పొద్దున్నే వెండెల్ ప్రౌట్‌కు కాలు ఒకచోట నిలవలేదు. ఊరి సభలో ఒక్క అంకెతో అందరి నోళ్లూ మూయించాలి, ఈసారైనా కాన్‌స్టేబుల్ కావాలి. వెర్మాంట్ కొండల్లోని ఈస్ట్ హార్లోలో ఊరి కాపలా చూసే ఆ పదవిని ఏటా మార్చిలో ఊరివాళ్లే చీటీలు వేసి ఇస్తారు.

"ఆ లెక్కేదో ఒకసారి చూసుకోరాదూ?" అంది భార్య లోర్నా, సభ భోజనానికి బీన్స్ గిన్నె మూటకడుతూ.

"పోలీసులు ఇచ్చిన అంకె. ఇంక చూసేదేముంది?"

సభలో గొంతు సవరించుకున్నాడు. "మన ఊళ్లో తుపాకీ దొంగతనాలు ఏడాదిలో రెండొందల శాతం పెరిగాయి. అందుకే ప్రతి నడుముకీ ఓ తుపాకీ ఉండాలి."

అతనితో పోటీపడుతున్న అడెల్ థిబో చటుక్కున లేచింది. "రెండొందల శాతమా? అయితే ప్రతి తుపాకీకీ ఓ తాళం ఉండాలి."

ఒకే అంకెను చెరోవైపు పట్టుకుని లాగుతుంటే హాలు ఊగిపోయింది. ఇంతలో వెనక ఎవరో, "నా తుపాకీ ట్రక్కులోనే ఉంది" అన్నారు. అంతే, జనమంతా బయటికి ఒకటే పరుగు. బండికి తాళం వేసి ఎరగని జనం, తాళంచెవి బండిలోనే వదిలేసే జనం! మంచులో పడుతూ లేస్తూ వెళ్లి, లోపలి తాళం మీటలు నొక్కి తలుపులు ధడాలున మూశారు. తాళంచెవులన్నీ లోపలే ఉండిపోయాయి.

కబురందుకుని పట్నం నుంచి వచ్చిన పోలీసు రూడీ పెల్కీ, కడ్డీతో ఒక్కో తలుపూ తీస్తూ అడిగాడు. "ఉన్నట్టుండి ఇంత భయం ఏమిటండీ?"

అడెల్ అంకె చెప్పింది.

"ఓ, అదా. పోయినేడు ఒక ఫిర్యాదు, ఈ ఏడు మూడు. మూడూ వెండెల్ గారివే, ఒకే తుపాకీ గురించి. అన్నట్టు, దొరికిందా సార్?"

వెండెల్ బూట్ల మీది మంచు దులుపుకోసాగాడు. లోర్నా అందుకుంది. "ఓసారి జింకల వేట మంచె మీద, ఓసారి మా తమ్ముడి కొట్టంలో, ఓసారి ట్రక్కు సీటు కింద. దొరికిందని ఫోన్ చెయ్యవయ్యా అంటే పరువు పోతుందన్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. అదే అంకెతో చెలరేగిన అడెల్ మాత్రం తన బండి వెనక్కి తప్పుకుంది.

సాయంత్రం జనం ఇద్దరినీ పక్కనపెట్టి, పాత కాన్‌స్టేబుల్ పేరే చీటీల మీద రాసి పడేశారు. వెండెల్‌కు రెండంటే రెండు ఓట్లు వచ్చాయి. తల వేలాడేసుకున్న మొగుడి భుజం తట్టింది లోర్నా.

"పోనీలే. పోయినేడు ఒక్కటేగా, వంద శాతం పెరిగాయి."

పోయినేటి ఆ ఒక్క ఓటూ వెండెల్ వేసుకున్నదే.