రంగూను నాలుగు గంటలు, కడప ఒక నిమ్మకాయ

కర్నూలు నుండి కడపకు విమానం లేకపోవడం మన భాగ్యమని సవినయంగా మనవి చేస్తున్నాను. తొందరపడకండి, లెక్క చూపిస్తాను.

కలకత్తా నుండి రంగూనుకు ఆకాశమార్గాన దాదాపు ఆరువందల నలభై మైళ్లు. అట్లాసు మీద దారం పరచి కొలిచాను. డకోటా విమానంలో నాలుగు గంటల ప్రయాణం. నేను విమానం ఎక్కలేదు, దగ్గరనుండి చూడనూ లేదు. ముప్పై యేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవానికి చూడవలసిన అవసరమేమున్నది?

నాలుగు గంటల్లో సముద్రం దాటించే వాహనంలో పక్కవానితో ఒక్క విషయమైనా తేల్చుకోగలమా? మన బస్సులో బయలుదేరకముందే జ్ఞానోదయమవుతుంది!

నిదర్శనం చెబుతాను. కడపలో మా అక్క నాగలక్ష్మమ్మ కార్డు రాయించింది: "సోమవారం మూడు గంటలకు కంటి ఆపరేషనంట. చూపు ఉంటాదో పోతాదో. అంతలోపల వచ్చి ఒకసారి మొగం చూపిచ్చి పోరా."

ఏడూ ఇరవైకి బస్సెక్కితే రెండు గంటలకు కడప. కాగితం మీద గంట మిగిలింది.

డ్రైవరు బసవన్న ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. నేను ఊరుకోగలనా? దిగి, పండు చితికితే ఇంజనుకు చేకూరే బలమెంతో చెప్పమన్నాను. గతిశాస్త్రంతో మొదలుపెట్టి రంగూను దాకా వచ్చాను. విమానం చక్రానికి నిమ్మకాయ ఎవరు పెడుతున్నారని నిలదీశాను.

"పెడతారో లేదో నువ్వు చూసినావా సారూ?" అన్నాడు బసవన్న.

చూడలేదు. అందువల్ల మరికొంతసేపు మాట్లాడాను. ఈలోగా ఏడున్నరయింది. సోమవారం, రాహుకాలం! బసవన్న ఇంజను ఆపేశాడు.

"నిమ్మకాయ తొక్కిచ్చి పోయింటే ఈపాటికి ఓర్వకల్లు దారిలో ఉందుము. ఇంగ తొమ్మిదికే" అంటూ టీకి పోయాడు.

రాహుకాలమనేది లేదని ప్రయాణికులకు నిరూపించసాగాను. నా వాదన సరిగ్గా తొమ్మిదికి పూర్తయింది. బస్సు నిమ్మకాయ తొక్కి కదిలింది.

నాలుగు కావస్తుండగా ఆసుపత్రి చేరాను. అక్క రెండు కళ్లకూ కట్టు కట్టి ఉన్నది. చేత్తో నా మొహమంతా తడిమింది.

"పొద్దున్నే రంగూనుకు పోయింటే, ఈపాటికి తిరిగి కూడా వచ్చిందువు గదరా" అన్నది.

ప్రతి ఉత్తరంలోనూ ఆమెకు ఆ నాలుగు గంటల సంగతి రాసినవాణ్ణి నేనే. పోను నాలుగు, రాను నాలుగు. ఏడూ ఇరవైకి కలిపి చూశాను. బడి మొహం చూడని మా అక్క లెక్కలో తప్పు దొరకలేదు.

కట్టు వచ్చే సోమవారం విప్పుతారు. మొదట నా మొహమే చూస్తానని ఆమె పట్టుపట్టింది.

నేను ఆ పొద్దున కర్నూలులోనే బస్సెక్కాలి. వేళ అదే, బసవన్న అతడే. నిమ్మకాయ మాత్రం నేనే తెస్తానని అతనికి కబురు పంపాను.