తల్లిగారింటి టిఫిన్

ఆదివారం పొద్దున్నే భానుచందర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడంటే పెళ్ళికి పోతున్నాడని కాదు, టిఫిన్‌కు పోతున్నాడని. హన్మకొండలో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. అయితే షాపు చూసి అతన్ని ఎవరూ గౌరవించినట్టు దాఖలా లేదు. అతనికున్న ఒకే ఒక్క హోదా ‘సండే టిఫిన్’ అనే వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ కావడం. సభ్యులు ముగ్గురే అయినా హోదా హోదానే. ప్రతి ఆదివారం ఎక్కడ తినాలో అడ్మిన్ చెప్పాలి, మిగతా ఇద్దరూ నోరు మూసుకుని వెళ్ళి, నోరు తెరిచి తినాలి.

ఆ హోదాకు ఈమధ్య ముప్పు వచ్చింది. కిందటిసారి అతను తినిపించిన ఇడ్లీకి శ్రీకాంత్ వారమంతా ఆఫీసు మొహం చూడలేదు. అంతకుముందు చూపించిన హోటల్, వీళ్ళు వెళ్ళేసరికి చెప్పుల షాపుగా మారిపోయింది.

“ఈసారి గూడ తేడా కొడితే అడ్మిన్ నాకియ్యాలె. వచ్చే ఆదివారం సంది మొలకలు, ఓట్స్” అన్నాడు శ్రీకాంత్ కారు ఎక్కుతూనే. అతను కొత్తగా జిమ్‌లో చేరాడు.

వెనక సీట్లో ఉన్న ఖలీల్‌కు గుండె జారింది. “భానూ, నీకు దండం పెడ్త. జర ఆ గడ్డి తినే రోజు రాకుండ చూడు.”

“ఫికర్ చెయ్యకుండ్రి. ఇది హోటలే కాదు, ఇల్లు” అన్నాడు భానుచందర్. అతను చూసిన రీల్ ప్రకారం అదొక పాత పెంకుటిల్లు. బోర్డు ఉండదు. వాకిట్లో మంచాలు, లోపల ఒక అవ్వ చేసే వంట. ముందురోజే మెసేజ్ పెట్టాలి. అతను ‘ముగ్గురం వస్తున్నాం’ అని పెట్టాడు, అవతలి నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది.

సందులోకి తిరగగానే పెంకుటిల్లు కనిపించింది. బోర్డు లేదు. వాకిట్లో మంచాలున్నాయి. పైన షామియానా వేసి, కింద కుర్చీలు కూడా వేశారు. ఆదివారం రద్దీకి అదనపు ఏర్పాటు కాబోలని భానుచందర్ మురిసిపోయాడు. గడప పక్కన ఒక ముసలామె ఫోటోకు పూలదండ వేసి, ముందు దీపం పెట్టి, దీపం పక్కన కల్లు సీసా పెట్టారు.

“హోటల్ పెట్టిన అవ్వ గావచ్చు” అన్నాడు ఖలీల్.

“కల్లు సీసా మాత్రం సూపర్ ఐడియా. ఫుల్ విలేజ్ లుక్” అన్నాడు శ్రీకాంత్, ఒప్పుకోవడం ఇష్టం లేకుండానే.

నిజానికి ఆ ఇల్లు కట్టయ్యది. ఫోటోలో ఉన్నది అతని తల్లి సమ్మమ్మ. ఆ రోజు ఆమె దినాలు. ఆ ఇంటి ఆచారం ప్రకారం పోయినామె తల్లిగారింటి వాళ్ళు వచ్చి, ముందుగా తిని, కొడుకు భుజాల మీద కొత్త తువ్వాల కప్పాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. సమ్మమ్మ తల్లిగారిల్లు పరకాల. ఆమె తమ్ముడు పోశయ్య ముసలితనంతో కదలలేడని, మనుమలు ముగ్గురు కారులో వస్తున్నారని ఫోన్ వచ్చింది. ఆ మనుమల్ని కట్టయ్య చూసింది వాళ్ళు చెడ్డీలు వేసుకోని వయసులో. ఇప్పుడు ముగ్గురు మగవాళ్ళు కారు దిగేసరికి అతని ప్రాణం లేచొచ్చింది. అతని వెనక చుట్టాల ప్రాణాలు, కడుపుల్లోంచి, అంతకంటే ముందే లేచాయి.

కట్టయ్య భార్య సుకన్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. “కాళ్ళు కడుక్కోండ్రి బిడ్డా. పొద్దటిసంది మీకోసమే చూస్తానం. మీరు తింటెనే మిగిలినోళ్ళు తినేది.”

భానుచందర్ స్నేహితుల వైపు గర్వంగా చూశాడు. మెసేజ్ పెట్టి వస్తే ఇలా ఉంటుందన్నమాట.

“ఏమేమున్నయమ్మా?”

“అవ్వకు ఇష్టమైనయన్ని చేసినం.”

మంచాల మీద కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. సర్వపిండి, గారెలు, పల్లీల చట్నీ, ఎండుమిరపకాయల తొక్కు వచ్చాయి. చుట్టూ నలభై యాభై మంది నిలబడి వీళ్ళు పెట్టే ప్రతి ముద్దనూ నోటిదాకా సాగనంపుతున్నారు. భానుచందర్‌కు ఇబ్బందిగానే అనిపించింది గానీ, టేబుల్ కోసం ఎదురుచూసే జనం ఎక్కడైనా అలాగే చూస్తారు కదా అని సర్దుకున్నాడు.

ఇంతలో ఖలీల్ తొక్కును చట్నీ అనుకుని గారె నిండా అద్దుకుని తిన్నాడు. ఎనుమాముల మార్కెట్ మిర్చి తన పని తాను చేసింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి, ముక్కు ఎర్రబడింది, మాట పెగల్లేదు. అది చూసి మంచం పక్కనున్న మొగిలమ్మ అనే ముసలామె గుండె బాదుకుంది.

“చూసిండ్లా, మనకంటె ఈ పిల్లగానికే ఎక్కువ దుఃఖమున్నది. నీ పేరేంది బిడ్డా?”

“ఖలీల్” అన్నాడతను ఎక్కిళ్ళ మధ్య.

ఆ పేరు విని చుట్టాలు అతన్ని ఎగాదిగా చూశారు. మొగిలమ్మ తేరుకుని, “పోశయ్య చిన్నకొడుకు లవ్ మ్యారేజ్ చేసుకున్నడు గదా. ఆళ్ళ పిల్లగాడే” అని తేల్చింది. అందరూ తలలూపారు. ఆ తర్వాత ఆమె ఏడుపు రాగం అందుకుంది. మిగతా ఆడవాళ్ళు శ్రుతి కలిపారు.

“కల్చరల్ ప్రోగ్రాం గూడ పెట్టిండ్లురా” అన్నాడు శ్రీకాంత్, ఫోన్ తీసి వీడియో తీస్తూ. “ఒప్పుకున్న. అడ్మిన్ నువ్వే.”

ఆ మాటతో భానుచందర్‌కు కడుపే కాదు, మనసు కూడా నిండింది. చెయ్యి కడుక్కుని లేచి, ఇంటి పెద్దకు ఒక మాట చెప్పి వెళ్దామనుకున్నాడు. కట్టయ్య అప్పటికే ఎదురుగా వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. కుర్రాళ్ళు ఒట్టి చేతులతో వచ్చారని సుకన్య ఎప్పుడో గమనించింది. పదిమందిలో తల్లిగారింటి పరువు పోకూడదని ఒక కొత్త తువ్వాలను కొంగు చాటున తెచ్చి భానుచందర్ చేతిలో పెట్టింది.

“ఇగో, ఇది మీరు తెచ్చిందే అనుకుని కప్పుండ్రి” అంది గుసగుసగా.

వంట బాగుంటే యజమానికి సన్మానం చేసే పద్ధతి భానుచందర్‌కు తెగ నచ్చింది. తువ్వాల కప్పి, చప్పట్లు కొట్టాడు. స్నేహితులిద్దరూ కొట్టారు. పరకాలలో ఇలా కూడా చేస్తారేమోనని చుట్టాలు కొందరు మొహమాటంగా కొట్టారు. అరవై ఏళ్ళ కట్టయ్య అతని రెండు చేతులూ పట్టుకుని, “మా అవ్వ పోయినంక ఇయ్యాలనే జర ధైర్యమొచ్చింది” అని భోరుమన్నాడు.

అప్పుడు భానుచందర్ దండ వేసిన ఫోటో వైపు మళ్ళీ చూశాడు. ఫోటో కింద రాసిన రెండు తేదీలు ఈసారి కనిపించాయి. రెండోది ఈ నెలదే. తాము కూర్చుని తిన్నది దినాల ఇంట్లో. కట్టయ్య చేతులు విడిపించుకునే ధైర్యం అతనికి లేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడే కట్టయ్య ఫోన్ మోగింది. అతనికి చెవుడు కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది.

“మామా, నేను పరకాల సుదర్శన్‌ను. మేం మీ ఇంట్లనే కూసున్నం, మీరే కనవడ్తలేరు. ఈడ అందరు తలకాయలు కిందికేసుకుని తింటాండ్లు, ఒక్కలన్న ఏడుస్తలేరు. తాత గూడ పట్టుబట్టి వచ్చిండు. చూపానక, గల్లా కాడ కూసున్నాయన నువ్వే అనుకుని తువ్వాల కప్పిండు. ఆయన థ్యాంక్యూ అన్నడు.”

యాభై జతల కళ్ళు ముగ్గురి మీద వాలాయి. “మీరెవలు మరి?” అని అడిగింది మొగిలమ్మ, ముఖ్యంగా ఖలీల్‌ను.

భానుచందర్ దాచకుండా చెప్పేశాడు. టిఫిన్‌కు వచ్చామనీ, హోటల్ అనుకున్నామనీ, తప్పయిందనీ కాళ్ళ మీద పడబోయాడు. ఎవరో చెప్పు వెతుక్కుంటున్నారు. అడ్మిన్‌గా ఇదే తన ఆఖరి ఆదివారమని అతనికి అర్థమైంది. ఓట్సు కళ్ళముందు కనిపించాయి.

ఈలోగా పక్క సందులోంచి పోశయ్య, మనుమల భుజాలు పట్టుకుని వచ్చాడు. సంగతంతా విన్నాడు. చేతికర్రతో కట్టయ్య భుజాల మీది తువ్వాలను చూపించాడు.

“కప్పిన తువ్వాల తీసి మల్ల కప్పుతరా?” అని అడిగాడు. “అట్ల జేస్తే ఇంట్ల ఇంకో చావు కోరినట్టు. ఎవలు కప్పితే ఆళ్ళే తల్లిగారోళ్ళు. వీళ్ళు గూడ ఇయ్యాలటిసంది మనోళ్ళే. ఇగ అన్నం పెట్టుండ్రి, ఆకలైతాంది.”

ఆకలి మీదున్న చుట్టాలకు ఇంతకంటే న్యాయమైన తీర్పు తోచలేదు. కట్టయ్య కళ్ళు తుడుచుకుని, తనకంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడైన భానుచందర్‌ను “మామా” అని పిలిచి నంబరు తీసుకున్నాడు. సాయంత్రానికి సండే టిఫిన్ గ్రూపులో కట్టయ్య, సుకన్య, సుదర్శన్, పరకాల వాళ్ళు మరో పదిమంది చేరారు. నెల మాసికానికి ముందురోజే రావాలని కట్టయ్య మెసేజ్ పెట్టాడు. రఘునాథపల్లి పెద్దనాన్నకు ఆరోగ్యం ఏమీ బాగాలేదని సుకన్య దాని కిందే రాసింది.

భానుచందర్ అడ్మిన్ పదవికి ఢోకా లేదు గానీ, ఏ ఆదివారం ఎక్కడ తినాలన్నది మాత్రం ఇప్పుడు ఆ చుట్టాల్లో ఎవరు ముందు పోతారన్నదాన్ని బట్టి ఉంటుంది.