తొమ్మిదిన్నరకి అత్తగారు ఎక్కడ?

వాచీలు బాగుచేసే ఆయనకు ఆ ఆదివారం ఉదయం ఒకటే పని: హంతకుణ్ణి పట్టుకోవడం. కంప్యూటర్ ఆటలో ఒక బంగళా, అందులో ఇంటి యజమాని శవం, దానిమీద మూడు నెలలుగా ఈయనగారి దర్యాప్తు. తుపాకులు లేవు, పరుగులు లేవు. సొరుగులు తెరవాలి, ఉత్తరాలు చదవాలి, గంటలకొద్దీ ఆలోచించాలి. నేరం మోపే అవకాశం ఒక్కసారే. గురి తప్పిందా, ఆట మళ్లీ మొదటికి!

"నిదానం తెలియనివాడు మనిషే కాదు" అని ఆయన అందరికీ క్లాసు పీకేవాడు. ముఖ్యంగా, సినిమాలు రెట్టింపు వేగంతో చూసే బావమరిదికి.

ఆయన పళ్లు తోముకుంటుండగా, మర్నాడు ఊరెళ్లాల్సిన అత్తగారు బల్లమీదున్న ఆయన నోటుపుస్తకం తెరిచారు. 'తొమ్మిదిన్నరకి అత్తగారు ఎక్కడ? పాలగ్లాసు అంత హడావిడిగా ఎందుకు కడిగింది? ముసల్ది అబద్ధాలకోరు. ఇవాళ తేల్చెయ్యాలి.'

రాత్రి పాలగ్లాసు కడిగింది ఆవిడే మరి.

"అమ్మాయ్! నా పెట్టె ఇటు పడెయ్. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోతాను!"

కూతురు పుస్తకం చదివి బాత్రూం తలుపు బాదింది. "ఏమండీ, మా అమ్మ గ్లాసు కడిగినా తప్పేనా?"

"అది ఆటలో అత్తగారే!" లోపలినుంచి నురగ నిండిన జవాబు వచ్చింది. ఎవరూ నమ్మలేదు.

"ఉండండి, పది సెకన్లలో తేల్చేస్తా" అంటూ బావమరిది కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆటలోని అత్తగారి ఫొటో వెతికి పట్టుకుని, 'నేరం మోపు' అన్న బటన్ మీదికి వెళ్లాడు.

"ఒరేయ్, ఆగరా!" అంటూ బావగారు బాత్రూంలోంచి దూసుకొచ్చాడు.

వాడు ఆగలేదు, నొక్కేశాడు. 'ఈమె నిర్దోషి. దర్యాప్తు ముగిసింది' అని తెరమీద పడింది. మూడు నెలల కష్టం గంగలో కలిసింది. వాచీలాయన బ్రష్షు పట్టుకుని అలాగే కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

అత్తగారు మాత్రం కళ్లజోడు తుడుచుకుని తెరమీదికి వంగారు. "నాకు ముందే తెలుసు, అత్తగార్లు అలాంటివాళ్లు కారు. ఆ పక్క ఫొటోలో తోటమాలి చూపే నాకు నచ్చలేదు. మొదట్నించీ పెట్టండి బాబూ. ఒక్క ఉత్తరం కూడా వదలొద్దు, నిదానంగా చూద్దాం."

"మరి... రేపు మీ ప్రయాణం?"

"హంతకుడు దొరక్కుండా ఎలా వెళ్తాను?" అంటూ ఆవిడ పెట్టెలోని చీరలు మళ్లీ బీరువాలో సర్దుకున్నారు.

ఆ సాయంత్రమే అల్లుడుగారు, జీవితంలో మొట్టమొదటిసారి, హంతకుడి పేరు కోసం ఇంటర్నెట్‌లో వెతికారు.