నిన్నటి గుంటలోనే మరో జానెడు

రండి నాయనా, ముందుకు జరగండి. వెనక గోడకి ఆనుకున్న పెద్దమ్మగారూ, మీరు కూడా. నా గొంతు అక్కడిదాకా వస్తుంది గానీ కథ రాదు. చెప్పులు బయట వదిలారు కదా, చెయ్యాల్సిన పనుల జాబితా కూడా వాటి పక్కనే వదిలెయ్యండి. దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఒక్కసారి ఆ వరాహస్వామిని తలుచుకోండి. నీట మునిగిన భూమిని కోర మీద పెట్టుకుని పైకి తెచ్చిన తండ్రి. ఈ కథ ఆయన చుట్టాలదే.

ఒక పెద్ద అడవిలో ఒక ఏరు ఉండేది. వానాకాలం ఉరికేది, చలికాలం నడిచేది, ఎండాకాలం ఇసక కింద పడుకునేది. పడుకున్న ఏటిని లేపడం ఏనుగుల పని. కాలితో ఇసక తవ్వి చెలమ తీస్తే అడుగున నీళ్ళు ఊరేవి. అవి తాగాక మిగతా జంతువులు తాగేవి. ఎన్ని తరాలుగానో ఇంతే. ఈ పనికి ఎవరూ ఒక పేరు కూడా పెట్టలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఏనుగులు అవతలి కొండలకి బయల్దేరాయి. వెళ్తూ వెళ్తూ ముసలి ఏనుగు భద్రమ్మ, దారి పక్కన దుంపలు పెళ్ళగిస్తున్న అడవిపంది ముట్టెమ్మ దగ్గర ఆగింది.

"అమ్మీ, ఈసారి మేం ఉండం. నువ్వా, అయిదుగురు పిల్లల తల్లివి. ఏటి వంపులో మద్దిచెట్టు ఉంది చూడు, దాని వేళ్ళ పక్కన తవ్వు. ఇసక చల్లగా తగిలిందని సంబరపడి ఆగిపోయేవు. అక్కణ్ణుంచి ఇంకా చాలా ఉంటుంది."

"నా పొట్టి కాళ్ళతో ఎన్నాళ్ళు పడుతుందత్తా?"

"లెక్కపెడుతూ కూర్చుంటే ఎన్నాళ్ళయినా పడుతుంది. తవ్వుకుంటూ పోతే పది రోజులు."

ఆ రోజే ముట్టెమ్మ మద్దిచెట్టు దగ్గర ముట్టె ఇసకలో పెట్టింది. "స్వామీ, మా వంశంలో పెద్దాయనవి, భూమండలాన్నే ఎత్తావంట. నేను ఎత్తేది కాస్త ఇసకే. ఓ చూపు చూడు," అని దణ్ణం పెట్టుకుని మొదలెట్టింది.

సరిగ్గా ఆ రోజే అడవికి జంబుకేశ్వర్రావు తిరిగొచ్చాడు.

జంబుకేశ్వర్రావు నక్క. ఆర్నెల్లపాటు ఊరి చివర ఫంక్షన్ హాలు వెనక మకాం పెట్టాడు. ఎంగిలి విస్తళ్ళు నాకుతూ, లోపల మైకులో సాగే ఉపన్యాసాలన్నీ విన్నాడు. జీవితంలో గెలవడం ఎలా, రోజుకున్న ఇరవై నాలుగు గంటల్ని ఇరవై ఆరు చేసుకోవడం ఎలా, ఇలాంటివన్నమాట. తిన్నది అరిగింది గానీ విన్నది అరగలేదు. దాన్ని అలాగే తెచ్చి సింహం జూలురాయుడి గుహ ముందు పెట్టాడు.

"ప్రభూ, మన జంతువులు కష్టపడుతున్నాయి గానీ సాధించడం లేదు."

"ఏం సాధించాలి?"

"అదే ప్రభూ సమస్య. ఏం సాధించాలో కూడా వాటికి తెలీదు."

జూలురాయుడికి ఈ మాట బాగా నచ్చింది. ఏం సాధించాలో ఆయనకీ తెలీదు మరి.

మర్నాటికల్లా బల్లపరుపు బండ మీద ఫలసిద్ధి శాఖ వెలిసింది. ఎండాకాలం గనక మొదటి కార్యక్రమం నీళ్ళ గుంటలే. ప్రతి జంతువూ పొద్దున్నే ఒక మోదుగాకు మీద ఆ రోజు లక్ష్యం గోటితో గీసుకోవాలి. తలకి రోజుకి మూడు గుంటలు. సాయంత్రం బండ దగ్గరికొచ్చి ఎన్ని తవ్విందో నిలబడి చెప్పాలి.

"ఒక్క నియమం గుర్తుంచుకోండి," అన్నాడు జంబుకేశ్వర్రావు. "నిన్నటి ఆకు ఈ రోజు చెల్లదు. నిన్నటి గుంటలో మళ్ళీ దిగితే అది పెండింగ్ కింద లెక్క. పెండింగ్ ఉన్నవాడు జీవితంలో పైకి రాడు. ప్రతి ఉదయం కొత్త ఆకు, కొత్త గుంట, కొత్త మీరు."

కొత్త మీరు అనగానే ముసలి తోడేలు కూడా వెన్ను నిటారు చేసుకుంది. మనకి మాత్రం ఆశ ఉండదా నాయనా.

ఇక చూడండి సంబరం. ఏట్లో దుమ్ము లేచిపోయింది. కుందేలు కుశలయ్యయితే మొదటి రోజే తొమ్మిది గుంటలు. ఎంత లోతంటారా? కుశలయ్య అందులో కూర్చుంటే మీసాలు కూడా బయటికి కనిపించేంత. అయినా సాయంత్రం ఆయన లేచి "తొమ్మిది సార్" అంటే, పంజాలున్నవాళ్ళు పంజాలతో, రెక్కలున్నవాళ్ళు రెక్కలతో చప్పట్లు కొట్టారు.

అంతమంది చెప్పాక, అయిదో రోజు సాయంత్రానికి ముట్టెమ్మ వంతు వచ్చింది. ముట్టె నిండా తడి ఇసకతో నిలబడింది.

"ముట్టెమ్మా, ఈ రోజు ఎన్ని గుంటలు?"

"అదేనండి."

"అదే అంటే?"

"నిన్నటిదేనండి."

"మరి నిన్న?"

"నిన్నా మొన్నటిదేనండి."

సభ గొల్లుమంది. కుశలయ్య పక్కనున్న ఉడతతో, "అయిదు రోజులకి ఒక్క గుంటంట. అదీ పూర్తవలేదంట. పిల్లలకి ఏం నేర్పుతుందో పాపం," అన్నాడు.

జంబుకేశ్వర్రావు నవ్వలేదు. జాలిపడ్డాడు. నవ్వితే వదిలేసేవాడు. జాలిపడ్డాడు గనక ఆమె మెడకి ఓ తాటాకు కట్టించాడు, వెనకబడిందని గుర్తుగా. రోజూ తెల్లారినప్పట్నుంచి ఎండెక్కేదాకా స్పెషల్ క్లాసుకి రమ్మన్నాడు.

ఇసక చల్లగా ఉండి, ముట్టెమ్మకి తవ్వకం సాగేది ఆ పొద్దుటి పూటే. అడవిలో మిగిలిందల్లా ఒక్క మడుగు. అది రోజుకింత కుంచించుకుపోతోంది. అయిదుగురు పిల్లల్లోకీ చిన్నది చిట్టి, రెండు రోజులుగా ఆడుకోవడం మానేసి నీడలో పడుకుంటోంది.

క్లాసు పేరు సమయాన్ని ఆదా చేసుకోవడం ఎలా. అది మూడు గంటలు సాగేది.

"సార్, నన్ను పంపించెయ్యండి. పిల్లలకి దాహంగా ఉంది," అంది ముట్టెమ్మ మూడోనాడు.

"అక్కడే పొరపడుతున్నావమ్మా. దాన్ని సమస్య అనుకోకు. అవకాశం అనుకో."

ముట్టెమ్మ అనుకోడానికి ప్రయత్నించింది. అనుకుని ఇంటికెళ్ళి చూస్తే చిట్టి నాలుక ఎండి ఉంది. అవకాశం దాని నాలుకని తడపలేదు.

మర్నాడు మడుగు పూర్తిగా ఎండిపోయింది. ముట్టెమ్మ క్లాసుకి వెళ్ళలేదు. పిల్లల్ని మద్దిచెట్టు నీడలో కూర్చోబెట్టి గుంటలోకి దిగింది. మెడలో తాటాకు విప్పి దాంతోనే ఇసక తోడింది. శాఖవాళ్ళు ఇచ్చినవాటిలో పనికొచ్చింది అదొక్కటే.

అక్కడ గుహలో జూలురాయుడికి నోరు పిడచగట్టుకుపోయింది.

"ఏమయ్యా, ఇప్పటిదాకా ఎన్ని గుంటలు తవ్వించావు?"

"రెండు వేల నూట నలభై ప్రభూ. లక్ష్యాన్ని దాటేశాం."

"సంతోషం. పద, నీళ్ళు తాగుదాం."

జంబుకేశ్వర్రావు కాస్త గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, నీళ్ళు మన లక్ష్యపత్రంలో లేవు. గుంటలు మాత్రమే ఉన్నాయి."

జూలురాయుడికి తిట్టాలనే ఉంది. తిట్టడానికి నోట్లో తడి ఉండాలి కదా. లేచి ఏటి వైపు నడిచాడు. శాఖంతా వెనకే. ఏట్లో అడుగు పెడితే గుంట, తప్పుకుంటే ఇంకో గుంట. మహారాజు కుంటుకుంటూ నాలుగుసార్లు పడ్డాడు. అయిదోసారి పడ్డప్పుడు "ఇది నాది ప్రభూ" అన్నాడు కుశలయ్య, మర్యాద కోసం.

అలా లేస్తూ పడుతూ ఉండగా మద్దిచెట్టు మొదట్లో పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా వాలుతూ కనిపించాయి. తడి లేనిచోట అవి వాలవు. అందరూ అటు పరిగెత్తారు. చూస్తే అక్కడ పెద్ద చెలమ. అందులోంచి ముట్టెమ్మ తోక ఒక్కటే పైకి కనిపిస్తోంది. ఆ తోక ఆడుతోంది.

"వచ్చాయి స్వామీ, వచ్చాయి," అంటోంది లోపల్నుంచి.

జూలురాయుడు గభాల్న ముందుకొచ్చాడు. ముట్టెమ్మ తలెత్తి, "మహారాజా, చిన్నది లేవలేకుండా ఉంది. అది తాగాక తమరు," అంది.

అడవి పుట్టాక సింహానికి ఎవరూ వంతు చెప్పలేదు. కానీ దాహం పెద్ద గురువు నాయనా. మహారాజు పక్కకి తప్పుకున్నాడు. చిట్టి తాగింది, తుమ్మింది, మళ్ళీ తాగింది. తర్వాత అందరూ తాగారు.

ఇక్కడితో కథ అయిపోయిందని లేవబోతున్నారా? కూర్చోండి. కష్టాలు గట్టెక్కాక సన్మానాలు ఉంటాయి కదా.

నీళ్ళు తాగిన నోటితోనే జంబుకేశ్వర్రావు ప్రకటించాడు. "ఇది మన శాఖ ఘనవిజయం. ఈమెకి స్పెషల్ క్లాసు నేనే తీసుకున్నాను." ఆ సాయంత్రమే ముట్టెమ్మకి మోదుగాకుల శాలువా కప్పి, ఫలసిద్ధి శిరోమణి అని బిరుదిచ్చి, బండెక్కించారు. రోజుకి మూడు పూటలా ఆమె తన విజయరహస్యం చెప్పాలి, జంతువులన్నీ ఆకుల మీద గీసుకోవాలి.

"నేను చెప్పడానికి ఏముందండీ? తవ్వాను," అంది ముట్టెమ్మ.

"అద్భుతం," అన్నాడు జంబుకేశ్వర్రావు. "ఇప్పుడు దీన్నే ఏడు సూత్రాలుగా విడదీసి చెప్పు."

పాపం ముట్టెమ్మ. రాజాజ్ఞ కాదనలేక రెండు రోజులు చెప్పింది. మొదటి సూత్రం ముట్టె వంచడం. రెండో సూత్రం ముట్టె ఎత్తడం. నాలుగో సూత్రం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ముట్టె వంచడమే వచ్చింది. కుశలయ్య అది కూడా గీసుకున్నాడు.

చెలమకి ఒక గుణముంది. రోజూ తోడితేనే నీళ్ళు. వదిలేస్తే చుట్టూ ఉన్న ఇసక జారి తన చోటు తను తీసేసుకుంటుంది. రెండు రోజులు అడవంతా బండ దగ్గరే కూర్చుని, చెలమ ఎలా తవ్వాలో విన్నది. చెలమ దగ్గర ఎవరూ లేరు.

మూడో రోజు ఉపన్యాసం మధ్యలో చిట్టి వచ్చి బండ కింద నిలబడింది.

"అమ్మా, చెలమ పూడిపోయింది. నాకు దాహమేస్తోంది."

ముట్టెమ్మ సభని చూసింది, చిట్టిని చూసింది. శాలువా తీసి బండ మీద పెట్టింది.

"అయ్యా, అయిదో సూత్రం ఇక్కడ చెప్తే అర్థం కాదు. రండి," అని దిగి నడిచింది.

చెలమలో దిగి తోడటం మొదలెట్టింది. సభ సభంతా వెనకే వచ్చి, గట్టు మీద ఒకరి భుజం మీదనుంచి ఒకరు తొంగిచూస్తూ, ఆకుల మీద గీసుకోసాగింది. అందరికన్నా ముందు, సరిగ్గా అంచు మీద జంబుకేశ్వర్రావు నిలబడ్డాడు, వ్యాఖ్యానం చెప్పడానికి. ముట్టెమ్మ ఓ విడత ఇసక పైకి తెచ్చి పారబోస్తూ, "అంత అంచుకి రాకండి సార్, అది ఇసక," అంది.

"భయపడేవాడు ఎదగడమ్మా," అన్నాడాయన.

గట్టు జారింది. జంబుకేశ్వర్రావు, ఆయన ఆకుల కట్ట, గంపెడు ఇసక, అన్నీ కలిసి అడుక్కి చేరాయి. పైకి ఎగబాకితే ఇసక జారుతోంది. మళ్ళీ ఎగబాకితే మళ్ళీ జారుతోంది.

"నన్ను తియ్యండి," అన్నాడు కిందనుంచి.

"మేం దగ్గరికొస్తే గట్టు మొత్తం మీ మీద పడుతుంది," అంది ముట్టెమ్మ. "కాళ్ళ కింద ఇసక తోడి ఒక పక్కకి వేసుకుంటూ రండి. మెట్టవుతుంది. నేను రోజూ అలాగే పైకొచ్చాను."

"తవ్వడమా? నేనా? నాకు అలవాటు లేదు. ఇది పెద్ద సమస్య."

"అలా అనుకోకండి సార్," అంది ముట్టెమ్మ మెత్తగా. "అవకాశం అనుకోండి."

జంబుకేశ్వర్రావు తవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఒకచోట తవ్వి ఇంకో చోటికి పోదామంటే, గుంటలో ఇంకో చోటు లేదు. అలా పొద్దు వాలేదాకా ఒకే గుంటలో తవ్వేసరికి పాదాలు తడిశాయి. కాసేపటికి మోకాళ్ళు తడిశాయి. మెట్టు పైకి వచ్చింది, నీళ్ళూ పైకి వచ్చాయి.

చిట్టి ముందు తాగింది. ఈసారి మహారాజుకి ఎవరూ వంతు చెప్పక్కర్లేకపోయింది. తనే నిలబడ్డాడు.

ఒళ్ళంతా బురదతో బయటికొచ్చిన జంబుకేశ్వర్రావు ఊపిరి తీసుకుని, "ప్రభూ, దీన్ని ఫీల్డ్ ట్రైనింగ్ అంటారు," అన్నాడు.

"అలాగా," అన్నాడు జూలురాయుడు. "అయితే రోజూ ఉండాలి. రేపటినుంచి శాఖ బండ మీద కాదు, గుంటలోనే."

మర్నాడు తెల్లారకముందే ముట్టెమ్మ చెలమ దగ్గరికి వెళ్ళింది. రాత్రి జానెడు ఇసక జారి ఉంది. స్వామికి దణ్ణం పెట్టుకుని ముట్టె వంచింది. కాసేపటికి పక్కన ఇంకెవరో తవ్వుతున్న చప్పుడైంది. చూస్తే కుశలయ్య.

"అక్కా, ఈ రోజు నాకు ఒక్క గుంట కూడా లెక్కలోకి రాదు కదా," అన్నాడు దిగులుగా.

"రాదు తమ్ముడూ. నీళ్ళొస్తాయి."

అందుకే పెద్దలు చెప్పకపోయినా నేను చెప్తున్నాను: మీ ఊళ్ళో ఎవరైనా పని బాగా చేస్తూ కనిపిస్తే, దయచేసి వాళ్ళకి సన్మానం చెయ్యకండి.

ఇక లేవండి నాయనా, ఆ స్వామికి ఒక దణ్ణం పెట్టుకోండి. నా కథంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ముట్టెమ్మ చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు పొద్దున్నే కొత్త ఆకు కోసం వెతక్కుండా, నిన్న మీరు వదిలేసిన గుంట దగ్గరికే వెళ్ళి, అందులో ఇంకో జానెడు తవ్వండి. ఎల్లుండి కూడా అక్కడికే వెళ్ళండి.