జీపు టాపులో అల్లుడు

ఆ రోజు పొద్దున్నే మంచాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. జీపు టాపు మీదికెక్కి, కీచుమంటున్న కీలుకు కాస్త గ్రీజు రాసి, మూత మూసేసి, స్నానం చేసి, మామగారు వచ్చేసరికి ఉతికిన చొక్కాలో వరండాలో నిలబడి ఉండాలి. అంతే. ఇందులో ప్రాణం మీదికొచ్చే సంగతి ఒక్కటీ లేదు.

మంచాలాయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పరుపు పైకెత్తితే కింద పెట్టె ఉండే మంచాలు చేస్తాడు కాబట్టి మంచాలాయన. చేతిపని మీద ఎంత నమ్మకమో, మామగారంటే అంత వణుకు. ఆ మామగారు రవాణా ఆఫీసులో బళ్ళు తనిఖీ చేసీ చేసీ రిటైరైన మనిషి. ఏ బండి కనిపించినా ముందు 'కాదు' అని, ఆ తర్వాతే ఎందుకు కాదో వెతికేవారు. అందుకని ఆఫీసంతా చాటుగా ఆయన్ని 'కాదుగారు' అనేది. తన జీపును కూతురికి ఇచ్చేశారు గానీ కాగితాలింకా ఆయన పేరు మీదే ఉన్నాయి. "నా బండి మీద గీత పడితే ఆ రోజే వెనక్కి తోలుకుపోతాను" అని తాళం చెవి ఇస్తూ మరీ చెప్పారు.

గీతకే అంత మాటన్న మనిషి, టాపు మొత్తం కోసేశారని తెలిస్తే ఏం చేస్తారో ఊహించుకోవడానికి మంచాలాయనకు ధైర్యం చాల్లేదు. కోసింది అతనే. కొండల్లోకి వెళ్ళి, బండి మీదే పడుకుని చుక్కలు చూడాలని భార్యకు ఎప్పటినుంచో కోరిక. ఎలాగూ మనకిచ్చిన బండేగా అన్న ధీమాతో రేకు పీకేసి, ప్లైవుడ్‌తో పడక వేసి, దాని మీద పైకి లేచే మూత బిగించాడు. చుట్టూ మడత పడే టార్పాలిన్ కుట్టించాడు. మూత లేవడానికి షాపులో మంచాలకు వాడే గ్యాస్ రాడ్లే పెట్టాడు. బరువైన పరుపులెత్తే ఆ రాడ్లకు ఈ పల్చటి మూత ఓ లెక్కా? గడియ తీస్తే చాలు, ఎగిరి లేచేది. మూతకు పాత టాపు రంగే వేసి, లోపల సీట్ల పైన గుడ్డ లైనింగు ఎప్పటిలాగే బిగించాడు కాబట్టి, కింద నిలబడి చూసినా, బండిలో కూర్చుని తలెత్తి చూసినా అది పాత జీపే. పడక ఎక్కాలంటే వెనక నిచ్చెన వేసుకోవాలి.

"కాగితాలు నా పేరు మీదికి మారేదాకా ఆ మూత జోలికి వెళ్ళకండి. తర్వాత నాన్నకు నేను చెప్తాను" అని భార్య ముందే హెచ్చరించింది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. బాధ తెలియకుండా పని కానివ్వడం ఆవిడకు అలవాటే.

కానీ ఆ కీచు చప్పుడు మామగారి చెవిన పడితేనో? ఆ భయమే మంచాలాయనను తెల్లవారగానే నిచ్చెన ఎక్కించింది. పడక మీద మోకాళ్ళేసుకుని గ్రీజు రాస్తుంటే గేటు తీసిన చప్పుడైంది. టార్పాలిన్ సందులోంచి తొంగి చూశాడు. మధ్యాహ్నానికి రావలసిన మామగారు, చేతిలో గొడుగుతో, ఇటు వీపు పెట్టి గేటు మూస్తున్నారు.

మంచాలాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. దిగే వ్యవధి లేదు. మూతకు లోపల బిగించిన గుడ్డ పట్టా చేతికి చుట్టుకుని, ఒంటి బరువంతా వేసి వెల్లకిలా పడ్డాడు. మూత దిగింది. బయట గడియలు టకటకా పడిపోయాయి. హమ్మయ్య అనుకున్నాడు. ఆ మరుక్షణమే గుర్తొచ్చింది, ఆ గడియలు బయటినుంచి తప్ప తెరుచుకోవు. మంచాల గడియలంతే మరి. మంచం పెట్టెలో పడుకుని లోపలినుంచి గడియ తీసుకుంటానన్న కస్టమరు ఇన్నేళ్ళలో ఒక్కడూ తగల్లేదు.

'కంగారు పడకు' అని తనకు తనే చెప్పుకున్నాడు. మామగారు ఇంట్లోకి వెళ్తారు, భార్య బయటికొస్తుంది, మెల్లిగా పిలవచ్చు. ప్లైవుడ్ అతుకు కలవని చోట సన్నటి సందొకటి ఉంది. అందులోంచి కాస్త గాలీ కాస్త వెలుతురూ వస్తున్నాయి. దానికి ముక్కు ఆనించి కుక్కిన పేనులా పడి ఉన్నాడు.

"నిచ్చెన ఇలా అడ్డంగా వదిలేశారేంటమ్మా" అంటూ మామగారు దాన్ని తీసి గోడవారగా పడేశారు.

"అదేంటి నాన్నా, మధ్యాహ్నం వస్తానన్నావుగా" అంది భార్య.

"రవాణా ఆఫీసుకు ఇప్పుడే వెళ్ళి, కాగితాలు నీ పేరు మీదికి మార్పించుకొచ్చేద్దాం పద. జనం రాకముందే పనైపోవాలి. అల్లుడుగారేరీ?"

భార్య ఫోను చేసింది. అది వంటింట్లో మోగింది. ఆవిడకు ఒక్కటే తోచింది: నాన్నను చూసి పెరటి గోడ దూకి షాపుకు పారిపోయి ఉంటాడు. అలా పారిపోవడం అతనికి కొత్తేం కాదు.

"అర్జెంటు ఆర్డరుందని పొద్దున్నే షాపుకెళ్ళిపోయారు నాన్నా."

"పోనీలే, మనం వెళ్దాం. ఆయన లేకపోవడమే మంచిది."

పైన ఉన్నవాడు ఇదంతా వింటున్నాడు. అరవాలా వద్దా? అరిస్తే బతుకుతాడు, బండి పోతుంది. భార్య చుక్కలూ పోతాయి. అరవకపోతే బండి దక్కుతుంది, తాను దక్కుతాడో లేదో తెలియదు. ఈ తర్జనభర్జనలో ఉండగానే జీపు కదిలింది.

వీధి మలుపులో అరుద్దామనుకున్నాడు. మలుపు తిరిగేసరికి నెత్తి ఒకవైపు, కాళ్ళు ఒకవైపు కొట్టుకుని నోట మాట రాలేదు. స్పీడు బ్రేకరు దగ్గర అరుద్దామనుకున్నాడు. అక్కడ ఎగిరి మూతకు ముక్కు కొట్టుకుంది. రేపు పేపర్లో తన గురించి ఏమని వేస్తారో అనుకున్నాడు. 'ఇంక సిగ్గు లేదు, బండి లేదు, అరిచేస్తా' అని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే కింద మామగారు గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. మీ ఆయనకు తెలియకూడదు."

పీల్చుకున్న ఊపిరి పీల్చుకున్నట్టే ఆగిపోయింది.

"ఈ బండిలో ఉన్న ఇంజను ఈ బండిది కాదు. అసలుది ఎప్పుడో చచ్చింది. పాత వ్యాను ఇంజను తెచ్చి వేయించాను. కాగితాల్లో ఎక్కించలేదు."

"నువ్వా నాన్నా?"

"నేనే. ఊళ్ళో అందరి బళ్ళూ ఆపినవాణ్ణి, నా బండి నేనే ఎలా ఆపుకోను? అదేదో చూద్దాం చూద్దాం అనుకుంటూ రిటైరైపోయాను. పెద్ద ఇన్‌స్పెక్టరు చూశాడంటే నా పరువు గంగలో కలుస్తుంది. ఆయన ఇవాళ సెలవు. ఇవాళ ఉండే ఇన్‌స్పెక్టరమ్మాయి నా దగ్గరే పని నేర్చుకుంది. నా ముఖం చూసి సంతకం పెట్టేస్తుంది. భయంతో రాత్రంతా కంటిమీద కునుకు లేదమ్మా."

"ఆయనకు తెలిస్తే మాత్రం ఏమవుతుంది నాన్నా?"

"అల్లుడుగారికి నేనంటే ఎంత గౌరవం. నన్ను చూస్తే మాట కూడా పెగలదు పాపం. అది పోగొట్టుకోలేను."

అది గౌరవం కాదని ఆ క్షణంలో మంచాలాయన ఒక్కడికే తెలుసు. ఇప్పుడు అరవడం అసలే కుదరదు. ఇందాకటిదాకా తన రహస్యం ఒక్కటే కాపాడుకోవాలి, ఇప్పుడు మామగారిది కూడా నెత్తిన పడింది.

రవాణా ఆఫీసు ఆవరణలో బళ్ళ వరుస అప్పటికే పెరిగింది. ఇన్‌స్పెక్టరమ్మ కాదుగారిని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. గురువుగారు పొద్దున్నే సొంత బండితో దిగారంటే అది తనకు పరీక్షేనని ఆవిడకు గట్టి అనుమానం. ఆవిడ కాగితాలు తలకిందులుగా పట్టుకోవడం సందులోంచి మంచాలాయనకు స్పష్టంగా కనిపించింది.

"నమస్కారం సార్. మీరు నేర్పించినట్టే చూస్తాను, ఒక్క పాయింటు కూడా వదలను. ముందు బానెట్ ఎత్తండి."

మామగారు బానెట్‌కు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "బానెట్‌కేం తొందరమ్మా. ముందు పైకప్పు చూడు. కంపెనీవాళ్ళు చేసింది చేసినట్టు ఉంది" అన్నారు. ఆ బండి మొత్తంలో ఆయనకు నిర్భయంగా చూపించగలిగింది అదొక్కటే అనిపించింది మరి.

"టాపు ఎందుకు నాన్నా" అంది కూతురు కంగారుగా. "బానెట్టే చూడనీ. పద్ధతి ప్రకారం."

ఆయన కూతురి వంక వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. ఇందాక కడుపులోదంతా కక్కి చెప్పాక కూడా బానెట్ ఎత్తమంటోందేమిటి? "పైకప్పే ముందు" అన్నారు గట్టిగా. "బానెట్టే" అంది ఆవిడ ఇంకా గట్టిగా. వరుసలో ఉన్నవాళ్ళు బళ్ళు దిగి వచ్చి గుమిగూడారు. పైన మంచాలాయన ఇద్దరూ ఓడిపోవాలనీ, ఇద్దరూ గెలవాలనీ ఒకేసారి దండం పెట్టుకుంటున్నాడు.

గురువు మాటే నెగ్గింది. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు తెప్పించుకుని ఎక్కింది. "సార్, ఇక్కడేవో గడియలున్నాయి" అంది. "ఉండడానికి వీల్లేదే" అన్నారు మామగారు. స్టూలు ఈడ్చిన చప్పుడు బండి చుట్టూ తిరిగింది. గడియలు ఒక్కొక్కటే ఊడుతుంటే మంచాలాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పట్టా చేతికి చుట్టుకునే ఉందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

చివరి గడియ ఊడింది. మూత భుస్సుమంటూ లేచింది. దాంతోపాటు ఒళ్ళంతా గ్రీజుతో, తలంతా రంపపు పొట్టుతో మంచాలాయన కూడా లేచి, ఒక చెయ్యి ఆకాశంలోకి పెట్టి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు మీదినుంచి వెనక్కి పడబోయి ఎవరి భుజమో పట్టుకుని నిలదొక్కుకుంది. భార్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

మామగారు అల్లుణ్ణి చూశారు, కోసేసిన టాపును చూశారు, మళ్ళీ అల్లుణ్ణి చూశారు. తాను బండిలో మాట్లాడిన మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి కాబోలు, తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆయన గొడుగు వణుకుతోంది. పెళ్ళైనప్పటినుంచి మంచాలాయనను భయపెడుతున్న మనిషి, అచ్చం అతనిలాగే వణుకుతున్నాడు.

"ఏంటిది సార్? ఇక బానెట్ కూడా తెరవాల్సిందే" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

మంచాలాయనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, మాట వచ్చింది. "మేడమ్, ట్రయల్ అయిపోయినట్టేనా? ఒళ్ళు హూనమైపోయింది, దిగిపోతాను."

"ఏం ట్రయల్?"

"పడక ఉన్న బండిని చూపించాలంటే మనిషిని అందులో పడుకోబెట్టి తీసుకురావాలట కదండీ. రూలు రూలే అని మా మావయ్యగారు నన్ను ఇంటినుంచి ఇలాగే తెచ్చారు. మీకు తెలిసే ఉంటుందన్నారు."

ఇన్‌స్పెక్టరమ్మ గురువుగారి ముఖంలోకి చూసింది. అలాంటి రూలు ఆవిడ జన్మలో వినలేదు. వినలేదని కాదుగారి ముందు చెప్పుకునే ధైర్యమూ లేదు. "తెలుసు సార్" అంది వెంటనే. "ఈమధ్య ఎవరూ పాటించడం లేదు."

"పాటించాలి" అన్నారు మామగారు.

"సొంత అల్లుణ్ణే పడుకోబెట్టి తెచ్చారు. ఇంక మీ బండికి బానెట్ ఎత్తి చూస్తే నాకే పాపం" అని ఆవిడ పడక కొలతలు రాసుకుని, అక్కడే నిలబడి సంతకం పెట్టేసింది. బండి కూతురి పేరు మీదికి మారింది, టాపుతో సహా.

మంచాలాయన కిందికి దిగి నిలబడ్డాడు. భార్య కొంగుతో అతని ముఖం మీది గ్రీజు తుడుస్తూ, ఏడుస్తూ నవ్వుతోంది. మామగారు దగ్గరకొచ్చి, ఎటో చూస్తూ అడిగారు.

"పైన... కింద మాట్లాడేవి వినపడతాయా బాబూ?"

"ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదండీ."

ఆయన అల్లుడి తలలోని రంపపు పొట్టు తన చేత్తో దులిపి, ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నారు. ఆ మర్యాదకు మంచాలాయనకు మళ్ళీ భయమేసింది.

ఆ ఆఫీసుకు మాత్రం, పడక ఉన్న బళ్ళు తెచ్చేవాళ్ళు ఇప్పటికీ పైన ఒక మనిషిని పడుకోబెట్టుకునే వస్తున్నారు; ఎక్కువమంది అల్లుళ్ళనే తెస్తున్నారట.