హంస బోటుకు ఒంటి తుమ్ము

స్వైన్ ఫ్లూను ఎలా ఆపాలో తెలియక దేశదేశాలు తల పట్టుకున్న 2009లో, అద్దంకి దారిలోని ఒక చెరువు మాత్రం సర్వసన్నద్ధంగా ఉంది. రోగం గట్టు దాటి హంస బోటు ఎక్కకుండా అక్కడ ఒక గేటు, ఒక సబ్బు, ‘సందర్శకుల అంగీకార నిర్ధారణాధికారి’ చెంచురామయ్యగారు వెలిశారు. (సబ్బును గొలుసుతో కట్టేశారు. అధికారిగారికి ఆ ఏర్పాటు లేదు.)

నియమాలు తేలికే. మూతికి గుడ్డ కట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి, ఇదంతా తమకు ఇష్టమేనని నోటితో చెప్పాలి. తుమ్మినవాళ్ళు ‘లక్షణాల గది’లో కూర్చోవాలి. (మొన్నటిదాకా దాన్ని పాప్‌కార్న్ కొట్టు అనేవారు.) నియమాలు పెట్టిన మొదటి సాయంత్రం జనం ఒప్పుకుంటే షికారు సాగుతుంది. లేదంటే ఆ సాయంత్రంతోనే బోట్లకు తాళం.

సుబ్బరావమ్మ సరిగ్గా ఆ సాయంత్రమే వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీయడం ఆమె పని. హంస బోటు వచ్చిన నాటి నుంచీ ఎక్కాలని ఆశ, తీరిక దొరికితేనా. ఇవాళ పని కాగానే చీరైనా మార్చుకోకుండా ఉరుక్కుంటూ వచ్చింది. మూతికి తువ్వాలు ఉండనే ఉంది.

చెంచురామయ్యగారు పొంగిపోయారు. “ఆదేశం అందకముందే పాటిస్తున్నావే. గుడ్డ కట్టుకోవడం ఇష్టమేనా అమ్మా?”

“ఇష్టమేందండి, ఘాటుకి కట్టుకుంటన్నా.”

“చేతులు కడుక్కోవడం?”

“కడుక్కోకపోతే కళ్ళు మండవా అండీ?”

ఇంతటి అంగీకారాన్ని దగ్గర నుంచి చూద్దామని ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. గాలికి ఆమె కొంగు రెపరెపలాడింది. ఆయన తుమ్మారు. ఒక్కటే తుమ్ము.

బోటులో పెట్టబోయిన కాలు సుబ్బరావమ్మ వెనక్కి తీసుకుంది. నీళ్ళ మీదికి పోతుంటే ఒంటి తుమ్మా? ఇన్నాళ్ళ ఆశ గట్టు మీదే ఆగిపోయేట్టుందని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“రెండోది కూడా తుమ్మండి బాబూ. జంట తుమ్మైతే శుభం, ఎక్కుతా.”

“తుమ్మకూడదమ్మా. నియమం.”

“ఒకటి తుమ్మారుగా. రెండోదానికేం వచ్చింది?”

వెనకున్న వరుసంతా ఆమె పక్షమే. ఒంటి తుమ్ము మీద బోటెక్కేది లేదన్నారు అందరూ. అంగీకారం కళ్ళముందే పడిపోతుంటే, బోటు తొక్కే మాబు తాళం తీసుకుని వచ్చాడు. “సార్, తాళం వెయ్యమంటారా, మీరు తుమ్ముతారా?”

ప్రజాభీష్టానికి అధికారిగారు తలవంచారు. వంచిన తల ముందు సుబ్బరావమ్మ తువ్వాలు విప్పి ఒక్క దులుపు దులిపింది. (గుడ్డ విప్పడం నియమ విరుద్ధమే. అయితే అది చూడటానికి అప్పటికి ఆయన కళ్ళు తెరుచుకోలేదు.) రెండో తుమ్ము చెరువు అవతలిగట్టుకు వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. సుబ్బరావమ్మ ఒక్క గంతులో బోటెక్కింది. మూడో తుమ్ము వస్తే మళ్ళీ చిక్కొస్తుందని మాబు గబగబా తొక్కాడు. నీళ్ళ మధ్యకు పోయాక ఆమె నవ్విన నవ్వు గట్టు మీది వాళ్ళందరికీ వినపడింది.

అంగీకారం నూటికి నూరు, లక్షణాలున్న సందర్శకులు ఎవరూ లేరని ఆ సాయంత్రమే నివేదిక వెళ్ళింది. తుమ్ముల మధ్య సందు చూసుకుంటూ, పాప్‌కార్న్ కొట్టులో కూర్చుని చెంచురామయ్యగారే దాన్ని రాశారు. అధికారి సందర్శకుడు కాదు గనక, ఆయన లెక్కలోకి రారు.